అమ్మమ్మ అడుగూ, దసలి పురుగూ

జనగామలో ఆడపిల్లల బడిలో ఇరవై ఏళ్ళుగా భూగోళం చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పుస్తకంలో శీతోష్ణస్థితి, వృక్షసంపద, పరిశ్రమలు అని ఒక పాఠం ఉంటుంది. ఉష్ణమండల దేశంలో ఎక్కడ ఎంత వాన పడుతుందో, ఆ వానకు ఏ చెట్టు మొలుస్తుందో, ఆ చెట్టును పట్టుకుని మనిషి ఏ పని చేసుకుని బతుకుతాడో, తాడుకు ముడులు వేసినట్టు వరసగా చెప్పుకొస్తుంది. చివర మా వైపు దసలి పట్టు గురించి రెండు వాక్యాలు. తేమగల మద్ది అడవులు ఉన్నందువల్ల ఆ పరిశ్రమ పుట్టిందట. అడవులు తరిగి, వానలు తప్పి అది పడిపోయిందట.

మొదటి వాక్యంతో నాకు తగాదా లేదు. రెండోదే నాకు కొరుకుడు పడదు. పరీక్షల్లో ఆ వాక్యం రాసిన పిల్లకు మార్కు వేయాలి కాబట్టి వేస్తాను. వేసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

"ఈ వాక్యం తప్పు సార్," అన్నాను ఒకసారి మా బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పెద్ద మాస్టారితో. ఎందుకు తప్పో కూడా చెప్పాను.

"పుస్తకంలో ఉన్నది చెప్పండమ్మా. మీ అమ్మమ్మ సిలబస్‌లో లేదు," అన్నాడాయన.

"మీరూ లేరు సార్ సిలబస్‌లో. అయినా రోజూ వస్తున్నారు గదా," అన్నాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు ఆ వారం హాయిగానే గడిచింది.

ఇక మా అమ్మమ్మ ఊళ్ళో ఇంకో కథ నడుస్తుంది. ఆ ఊరు భూపాలపల్లి దాటి మహదేవపూర్ వైపు వెళ్ళే అడవిలో ఉంది. అక్కడి వాళ్ళకు పాఠ్యపుస్తకంతో పనిలేదు. ఒక ముసలామె కాలు పెట్టకూడని తోటలో కాలు పెట్టింది, పురుగు అలిగింది, ఆ ఊరికి పట్టు పోయింది, అంతే అంటారు. ఆ ముసలామె మా అమ్మమ్మ. ఆమె కాలు పెట్టిన మాట నిజం. మిగతాదంతా అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మేం అక్కడికి ఎందుకు పోయామో ముందు చెప్పాలి. మా బాపు జనగామ తాలూకా కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తా. చుట్టుపక్కల ఊళ్ళలో దొర గడీల మీద జనం సంఘం కట్టి తిరగబడ్డారు. రజాకార్లు ఊళ్ళు కాల్చారు. తర్వాత నిజాం పోయాడు, మిలిటరీ వచ్చింది, కాల్పులు మాత్రం పోలేదు. బాపును మానుకోటకు బదిలీ చేశారు. అక్కడ ఏడాది ఉన్నామో లేదో, ఆ పక్క ఊళ్ళలోనూ సోదాలు మొదలయ్యాయి. బాపుకు ఒక ఆలోచన వచ్చింది. మా అమ్మనూ నన్నూ అత్తగారి ఊరికి పంపితే నయం, అడవిలోకి ఎవరు వస్తారులే అనుకున్నాడు. అందరూ అడవికే వచ్చారు. ముందు సంఘం వాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక మిలిటరీ వచ్చింది, మధ్యలో మేం. మా బాపు అక్షరాలు గుండ్రంగా ఉండేవి గాని, ఆలోచనలు ఎప్పుడూ ఇట్లాగే ఉండేవి.

మానుకోట నుంచి గూడూరు, నర్సంపేట, ములుగు మీదుగా ఎడ్లబండిలో పోయాం. ఇప్పుడు క్లాసులో నేను చెప్పే పాఠమంతా అంతకు ముందు జనగామలోనూ, ఆ తర్వాత ఆ బండి తొట్టిలోనూ చూసిందే. జనగామ చుట్టూ ఎర్ర చెలకలు, ఆముదం చేలు, తంగేడు పొదలు. వాన తక్కువ కాబట్టి ఆముదం గానుగ, తంగేడు చెక్కతో తోళ్ళు ఊని పదును చేయడం, గొర్ల బొచ్చుతో గొంగడి నేయడం. మానుకోట స్టేషన్ దగ్గర కొండలా పేర్చిన దుంగలు, తునికాకు కట్టలు. ములుగు దాటాక గాలి మారింది. పొద్దున్నే బండి కప్పు మీద నీళ్ళు కారేంత మంచు. ఇప్ప, వెదురు, నల్లమద్ది. మద్ది చెట్టు బెరడు మొసలి వీపులా ఉంటుంది. ఆ చెట్టు ఆకు తినే పురుగు పట్టు కడుతుంది. నేను పుస్తకాన్ని కాదనడం లేదు. గాలీ వానా చెట్టూ కలిస్తేనే పని పుడుతుంది. కాని పుట్టించినవే చంపాయని నేరం మోపితే ఒప్పుకోను.

ఆ ఊళ్ళో పని రెండు ముక్కలుగా ఉండేది. పురుగును పెంచడం మగవాళ్ళది, దారం తీయడం ఆడవాళ్ళది. పురుగును ఇంట్లో తట్టల్లో పెంచరు. అడవిలో మద్దితోటలోనే, చెట్ల మీదే వదిలి, నలభై రోజులు కాపలా కాస్తారు. ఆ నలభై రోజులూ కాపలా కాసేవాళ్ళు దీక్షలో ఉండాలి. గడ్డం గీయకూడదు, తలకు నూనె పెట్టకూడదు, మాంసం ముట్టకూడదు, ఊళ్ళోకి రాకూడదు. ఆడదాని నీడ కూడా తోటలో పడకూడదు. తోటకు ఇవతల, అరిస్తే వినపడనంత దూరంలో ఒక పెద్ద రాయి ఉండేది. మధ్యాహ్నం ఆడవాళ్ళు ఆ రాయి మీద కుండలో జొన్నగట్క పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. వాళ్ళు పోయారని నమ్మకం కుదిరాక మగవాళ్ళు వచ్చి కుండ తీసుకుపోతారు. మర్నాడు ఖాళీ కుండ అదే రాయి మీద ఉంటుంది.

ఆ ఏడు తోటలో నలుగురున్నారు. అందులో ఒకడు మా మామ, అంటే అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు.

అమ్మమ్మ దారం తీయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. పురుగు కట్టిన గూళ్ళను అక్కడ కాయలంటారు. ఆ కాయల్ని బూడిదనీళ్ళలో ఉడకబెట్టి, కాలు ముందుకు చాపుకుని కూర్చునేది. చీర మోకాలి పైకి జరిపి, అయిదారు కాయల నుంచి సన్నటి పోగులు లాగి, ఎడమ తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోసేది. పోగులన్నీ మెలిపడి ఒకటే దారమై వచ్చేవి. అన్నేళ్ళు రాసీ రాసీ ఆమె తొడ మీద అరచెయ్యంత మేర చర్మం కాయకట్టి, అరగదీసిన గంధపుసానలా మెరిసేది. ఉడికిన పురుగుల వాసన నాకు పడేది కాదు. ముక్కు మూసుకుంటే నవ్వేది.

"మూసుకో బిడ్డా, మూసుకో. రేపు పట్టుచీర గట్టెటోళ్లు గూడ గట్లనే మూసుకుంటరు, మమ్ములను జూసి."

తోటలోకి ఆడవాళ్ళు ఎందుకు పోకూడదని నేను అడిగాను. నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఊరుకోదు.

"పోతె పురుగు సచ్చిపోతదట," అంది.

"మరి నువ్వు ఉడకబెడుతున్నవు గద?"

"ఉడకబెట్టుడు మన పనే. సంపుడు దోషం గాదు, సూసుడు దోషం. మగోళ్లు పెట్టిన కట్టుబాటు గిట్లనే ఉంటది," అని మళ్ళీ దారం తోసింది.

దసరా పోయిన తర్వాత ఒక పొద్దున ఊరి మధ్య డప్పు మోగింది. అడవిలో ఉన్న చిన్న ఊళ్ళన్నీ ఖాళీ చేసి, మూడో రోజు పొద్దుగూకే లోపల పెద్ద రోడ్డు పక్క క్యాంపులోకి వచ్చేయాలట. సంఘం వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు లేకుండా చేయడానికట. ఆ తర్వాత అడవిలో కనబడ్డ మనిషిని సంఘం మనిషిగానే లెక్కగట్టి కాలుస్తారట. డప్పు కొట్టినాయన ఇంత చెప్పి, పక్క ఊరికి పోయాడు. ఊళ్ళో మిగిలిన మగవాళ్ళను అప్పటికే క్యాంపు చుట్టూ కంచె నాటడానికి తోలుకుపోయారు. ఊళ్ళో ఉన్నదంతా ఆడవాళ్ళం, పిల్లలం, లేవలేని ఇద్దరు ముసలివాళ్ళు.

తోటలో ఉన్న నలుగురికి ఈ సంగతి తెలియదు.

మా అమ్మమ్మ ఇంటి ముందు ఆడవాళ్ళంతా చేరారు. నేను మహా తెలివిగా, కాగితం మీద రాసి కుండ కింద పెడదామన్నాను. ఒక్క క్షణం అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు.

"రాత్తవు సరే బిడ్డా, సదివేదెవరు?" అంది అమ్మమ్మ. "పురుగులా?"

అప్పుడు మామ పెళ్ళాం, మా అత్త, ఒక ఉపాయం చెప్పింది. గట్కలో బొగ్గుముక్కలు, ఎండుమిరపకాయలు వేసి పంపుదామంది. "నిప్పు మీదికొస్తున్నదని సమజైతది," అంది. అందరికీ నచ్చింది. అట్లాగే పంపారు. మర్నాడు రాయి మీద ఖాళీ కుండ ఉంది. అందులో పసుపు రాసిన మద్ది ఆకు ఒకటి. అంటే అంతా క్షేమం అని అర్థం.

మాకు అప్పుడు తట్టింది. ఊరి నుంచి అడవికి పోయే బువ్వలో గాలి సోకకుండా, దిష్టి తగలకుండా బొగ్గూ మిరపకాయా వేయడం అక్కడి అలవాటే. తమ ఆడవాళ్ళు ఈసారి దిష్టికి మరీ ఎక్కువ జాగ్రత్త పడ్డారని మగవాళ్ళు సంతోషపడ్డారు. సంతోషపడి ఆకుకు పసుపు రాసి పంపారు.

"నా కొడుకు తెలివి నాకు తెల్వదా," అంది అమ్మమ్మ ఆ ఆకును చూసి. మా అత్త ఏడుపు మొదలుపెట్టింది.

అట్లా రెండు రోజులు పోయాయి. మూడో రోజు పొద్దున మళ్ళీ చర్చ. రాయి దగ్గర కాచుకుని కూర్చుంటే? మనం ఉన్నంతసేపూ వాళ్ళు రారు, ఎంత ఆకలైనా రారు. ఈడేరని పిల్లను పంపితే దోషం ఉండదేమో అని ఒకామె నా వైపు చూసింది.

"ఆడిపిల్ల అడుగు గూడ అడుగే అంటరు రేపు," అంది అమ్మమ్మ. "దాని బతుకు శానా ఉన్నది. నేను ముసలిదాన్ని, నన్నంటె అననీ. అని ఏం జేత్తరు?"

"అత్తా, పట్టు పోతది," అని మా అత్త ఆమె చెయ్యి పట్టుకుంది.

"పట్టు పోతె వచ్చే ఏడు పెడుతవు. మొగుడు పోతె ఏ చెట్టు మీద పెడుతవే?"

మా అత్త చెయ్యి వదిలింది. అమ్మమ్మకు దూరపు చూపు సరిగా ఆనేది కాదు, అందుకని దారి చూపడానికి నన్ను వెంటబెట్టుకుంది. రాయి దగ్గరికి పోయాక, "ఇక్కడనే కూసో. లేస్తె కాళ్లిరగ్గొడుత," అని తాను లోపలికి పోయింది. నేను కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి ఆమె వెనకే పోయాను.

తోటలోకి పోగానే వాన చప్పుడు వినబడింది. తలెత్తి చూస్తే ఆకాశం తెల్లగా ఉంది. చెట్ల మీద వేల పురుగులు ఆకు కొరుకుతుంటే, వాటి రెట్ట ఎండుటాకుల మీద టపటపా రాలుతోంది. ఆకుపచ్చగా, నా బొటనవేలి కంటే లావుగా, ఒక్కో కొమ్మకు పదీ ఇరవై. అంత అందమైన చోటికి మగవాళ్ళు మమ్మల్ని ఎందుకు రానివ్వలేదో ఆ క్షణంలో నాకు సగం అర్థమైంది. వాళ్ళ చేతుల్లో వడిసెలలు ఉన్నాయి. పట్టుపురుగు కోసం తెల్లవారుజామునే కాకులు దిగుతాయి. వడిసెలలో రాయి పెట్టి తిప్పి కొట్టకపోతే ఒక్క పూటలో కొమ్మ ఖాళీ.

మామ అమ్మమ్మను చూసి కొయ్యబారిపోయాడు. గడ్డం పెరిగి గుర్తుపట్టరాకుండా ఉన్నాడు.

"అవ్వా, ఆగు. ఆడనే ఆగు."

"ఆగెటందుకు రాలేదురా. పొద్దుగూకెలోపట పెద్ద రోడ్డు కాడికి రావాలె. లేకుంటె కాల్చి పారేత్తరట."

"నాలుగో జ్వరం లేచినయి అవ్వా. ఇంకెనిమిది రోజులైతె గూడు గడుతయి." పురుగు తిండి మానేసి, కదలకుండా పడి ఉండి, తోలు విడిచే దశను జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటిందంటే పంట చేతికొచ్చినట్టే.

"పురుగుకు జెప్పుకో ఎనిమిది రోజులని. మిలిటరీకి జెప్పుకో. నాకెందుకు జెప్తవు?"

నలుగురిలో పెద్దాయన ఒకాయన అమ్మమ్మ మొహం చూడకుండా నేలను చూస్తూ అన్నాడు: "కాలు పెట్టినవు గదనే. ఇంకేముంటది ఇక్కడ."

"ప్రాణముంటది. కనబడుతలేదా?" అంది.

మామ చూపు నా మీద పడింది. నేను మద్ది చెట్టు చాటుకు జరిగాను. ఆయన చూసి కూడా ఏమీ అనలేదు. అమ్మమ్మ తిరిగి చూసి పళ్ళు కొరికింది గాని, ఊరికి వచ్చాక అందరితో, "పిల్ల రాయి కాడనే ఉన్నది, నేనొక్కదాన్నే పోయిన," అని చెప్పింది. అట్లా నా అడుగు లెక్కలోకి రాలేదు.

నలుగురూ కలిసి ఒక పని చేశారు. పురుగులున్న కొమ్మల్ని పురుగులతోనే కోసి, ఆకులు వాడకుండా తడిబట్టలు చుట్టి, కావళ్ళలో మోసుకుని క్యాంపుకు వచ్చారు. కంచె అవతల వాగొడ్డున పదిహేను దాకా మద్ది చెట్లున్నాయి. ఆ కొమ్మల్ని ఈ చెట్లకు కట్టారు. సాయంత్రానికి పురుగులు కొత్త కొమ్మల మీదికి పాకాయి. మర్నాడు ఆకు తిన్నాయి. ఆ మర్నాడూ తిన్నాయి. ఈ మాట నేను ఎందరికో ఎన్నిసార్లో చెప్పాను. ఆడదాని అడుగు పడిన తర్వాత రెండు రోజులు ఆ పురుగులు కడుపునిండా తిన్నాయి. అలిగిన పురుగు తింటుందా?

మూడో రోజు క్యాంపులో సోదా జరిగింది. మామ మూటలో నాలుగు వడిసెలలు దొరికాయి. సంఘం వాళ్ళు వడిసెలలతో మిలిటరీని కొట్టారని అప్పటికే ఆ చుట్టుపక్కల పేరు. తెలుగు వచ్చిన జమేదారు ఒకడు వాటిని వేలికి తగిలించి పైకెత్తి అడిగాడు.

"గివేంది?"

"వడిసెలలు దొరా. కాకులను కొట్టెటందుకు," అన్నాడు మామ.

"కాకులనా, మమ్ములనా?"

మామకు అమ్మమ్మ నోరే వచ్చింది. "కాకుల చేతుల తుపాకులుండవు గద దొరా. అందుకే వాటిని కొడుతం."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు మామ చెంప పగిలింది. ఆ ఎడమ చెవి మళ్ళీ సరిగా వినపడలేదు. వడిసెలలు పోయాయి. పొద్దు పొడిచిన తర్వాత చీటీ తీసుకుని గాని ఎవరూ కంచె దాటకూడదన్నారు. కాకులు అంతకు ముందే వస్తాయి. వాటికి చీటీ అక్కరలేదు.

మర్నాడు పొద్దున మేమంతా కంచె పట్టుకుని నిలబడి చూశాం. ముందు రెండు కాకులు వచ్చాయి. తర్వాత వాగొడ్డంతా నల్లబడింది. ఒక్కో పురుగును కాలికింద తొక్కిపెట్టి పొడుచుకు తింటుంటే, ఇంత దూరానికి ఆకుపచ్చ రసం కనబడుతోంది. ఆడవాళ్ళు కంచాలూ చెంబులూ తెచ్చి మోగించారు. కొన్ని లేచాయి. అప్పుడు కాపలా సిపాయి తుపాకీ ఊపుతూ ఉరికి వచ్చాడు. ఆ చప్పుడు అడవిలో ఉన్నవాళ్ళకు సైగ అట. కంచాలు కూడా గుంజుకున్నారు. ఆ పూట గంజి ఆకుల్లో తాగాం.

మూడు పొద్దులు అట్లా గడిచాయి. నాలుగో పొద్దున కాకులు కూడా రాలేదు. తినడానికి ఏమీ లేదు.

ఆ పంట పోవడమంటే ఆ ఒక్క పంట పోవడం కాదు. ఆ కాయల్లోనే మంచివి ఏరి, దండలు కట్టి, ఇంటి దూలానికి వేలాడదీస్తారు. చలికాలమూ ఎండాకాలమూ వాటిలో పురుగు నిద్రపోయి, తొలకరి వానకు రెక్కల పురుగై బయటికి వచ్చి గుడ్లు పెడుతుంది. అదే విత్తనం. దూలానికి కట్టడానికి ఒక్క కాయ కూడా మిగల్లేదు. వాన వచ్చింది, మద్ది చిగిర్చింది, గాలిలో తేమ ఉండనే ఉంది. పుస్తకం చెప్పినవన్నీ ఉన్నాయి. పురుగు లేదు.

ఇంకో మాట కూడా చెప్పి తీరతాను. పట్టు పోయిన పన్నెండేళ్ళకు ఆ తోటను కట్టెల కోసం గుత్తకిచ్చి కొట్టించారు. గొడ్డలి పట్టింది ఆ ఊరి మగవాళ్ళే. పురుగు ఉన్నన్నాళ్ళు ఆ చెట్టు కొమ్మ విరిస్తే తన్నేవాళ్ళు. పురుగు లేని చెట్టు వాళ్ళకు వట్టి కట్టె. అడవి తరిగి పట్టు పోలేదు. పట్టు పోయింది కాబట్టి అడవి తరిగింది. ముందు వెనకలు తారుమారు చేసి అచ్చువేసి, దాన్ని పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం.

పుస్తకం సంగతి అట్లా ఉంచుతాను. నన్ను తినేది రెండో కథ.

పురుగులన్నీ పోయిన ఆ సాయంత్రం పొద్దుగూకే వేళకు అమ్మమ్మా మామా కంచె దగ్గర కూర్చుని ఉన్నారు. నేను దగ్గరికి పోతే, అమ్మమ్మ నన్ను నీళ్ళకు పొమ్మంది. కుండలో నీళ్ళు ఉన్నాయి అన్నాను. "పారబోసి మళ్ల తే," అంది. నేను పోతూ వెనక్కి చూశాను. ఆమె మామ గడ్డం పట్టుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఏదో చెబుతోంది. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

తెల్లవారి క్యాంపులో గుసగుసలు ముదిరాయి. వడిసెలలు గుంజుకోకపోతే పంట దక్కేదని తక్కిన ముగ్గురు మగవాళ్ళు అంటున్నారు. ఆ మాట జమేదారు చెవిన పడింది. అందరినీ వరసగా నిలబెట్టాడు.

"సర్కారు వల్ల పంట పోయిందన్నది ఎవరు? ముందుకు రండి."

చివరికి మామ ఒక అడుగు ముందుకు వేశాడు.

"సర్కారుకు ఏం సంబంధం లేదు దొరా," అన్నాడు. "మా అవ్వ తోటల కాలు పెట్టింది. దోషం తగిలింది. గంతే."

జమేదారు పెద్దగా నవ్వి, "అట్ల చెప్పు," అని వెళ్ళిపోయాడు. వరస విడిపోయింది. అంతసేపూ నేను అమ్మమ్మ మొహం చూస్తున్నాను. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, పొయ్యి దగ్గరికి పోయింది.

భయానికి చెప్పిన మాట భయం పోయాక పోవాలి గదా. ఎండాకాలానికి క్యాంపు ఎత్తేశారు, ఊరికి తిరిగి వచ్చాం. ఆ మాట మాతోపాటే ఊరికి వచ్చింది. కంచె దగ్గర నిలబడి కాకుల్ని చూసిన ఆ ముగ్గురే ఏడాది తిరిగేసరికి, "ముసలామె కాలు పెట్టకపోతె..." అని మొదలుపెట్టారు. వాళ్ళు అబద్ధం ఆడుతున్నారనుకున్నాను. కాదు, నిజంగానే నమ్మారు. మిలిటరీని తిట్టి బతకడం కష్టం, ముసలామెను తిట్టి బతకడం తేలిక. వేరే ఊళ్ళ నుంచి కాయలు తెచ్చి దారం తీయించుకునేవాళ్ళు మా ఇంటి గడప ముందు నుంచే పక్కింటికి పోయేవాళ్ళు. ఆమె చెయ్యి తగిలితే విత్తనం నిలవదట. ఆ ఊళ్ళో ఎవరూ ఆమె చేతికి మళ్ళీ ఒక్క కాయ ఇవ్వలేదు.

బాపుకు జనగామ బదిలీ అయినప్పుడు అమ్మ ఆమెను మాతో తీసుకొచ్చింది. ఇక్కడ ఆముదం గింజలు తప్ప వలవడానికి ఏమీ లేదు, అవే వలిచేది. తొడ మీద కాయకట్టిన చర్మం కొన్నేళ్ళలో మెత్తబడి, చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయింది. ఒకసారి తలంటు పోస్తూ, "అమ్మమ్మా, ఆ రోజు మామను ఎందుకు తిట్టలేదు?" అని అడిగాను. "నీళ్లు సల్లగున్నయి, వేడివి తే," అంది. నేను హనుమకొండలో బీఏ రెండో ఏడు చదువుతుండగా పోయింది. మామ కర్మకు వచ్చాడు. పదకొండు రోజులూ నోరు తెరవలేదు, ఎవరితోనూ కలిసి తినలేదు. అది పశ్చాత్తాపమో, ఎవరికో ఇచ్చిన మాటను మోయడమో నాకు తెలియలేదు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆ ఊరికి పోయాను. పక్క మండలంలో ఎవరో మళ్ళీ దసలి పెంచుతున్నారట, తోటలో కాపలా కూడా ఆడవాళ్ళే కాస్తున్నారట. పురుగులు నిక్షేపంగా గూళ్ళు కడుతున్నాయట. ఆ సంగతి మామకు చెప్పాలని పోయాను. చెప్పడానికి కాదు, నిలదీయడానికే పోయాను, ఎందుకు దాచాలి? అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. డెబ్బై దాటాయి. చెప్పాను. విన్నాడు.

"మంచిదే బిడ్డా," అన్నాడు.

"మంచిదే అంటె సరిపోదు మామా. ఇప్పుడన్నా ఊరోళ్లకు చెప్పు. కాకులు తిన్నయని చెప్పు."

"ఎవరికి గావాలె బిడ్డా పాత ముచ్చట."

"నాకు గావాలె."

"నీకు శిన్నప్పటి సంది అన్నీ గావాలె," అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. "చాయ తాగుతవా?"

"ఆ తోటల నేను గూడ ఉన్న. నువ్వు సూసినవు. నా సంగతెందుకు చెప్పలే?"

ఆయన చేతిలో తాడు ఆగింది. నోరు తెరిచాడు. లోపలి నుంచి ఆయన మనవరాలు ఏదో అడిగింది. అటు తిరిగి జవాబు చెప్పాడు, మళ్ళీ ఇటు తిరగలేదు. మంచిగా వినబడే చెవి కూడా అటే ఉందని తర్వాత ఆయన కోడలు నాకు సర్దిచెప్పింది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఆ రోజు జమేదారు ముందు అన్నది ఆయన సొంత మాటైతే, తల్లిని అమ్మి తన చెంప కాపాడుకున్న మనిషి. ఆయన మొహం నాకిక చూడవలసిన పనిలేదు. అది అమ్మమ్మ ఆయన నోట్లో పెట్టిన మాటైతే, ఆయననో, నన్నో, ఆ వరసలో నిలబడ్డ అందరినో కాపాడడానికి ఆమె తన చేతిపనిని తానే నరుక్కుంది. అప్పుడు నేను ముప్పై ఏళ్ళుగా తిడుతున్నది తప్పు మనిషిని. ఏదైనా భరిస్తాను. రెంటి మధ్య ఊగడమే నా వల్ల కావడం లేదు. ఆయనకు వయసు మీద పడింది. అమ్మమ్మ ఎట్లాగూ లేదు. కంచె దగ్గర ఆ సాయంత్రం నన్ను నీళ్ళకు పంపి మాట్లాడుకున్నది వాళ్ళిద్దరే.

ఆ మాట నీదా మామా, ఆమెదా?